మూలుగుల సబ్‌వే

తిరువొత్తియూరులో రైలు కట్ట కింద ఒక సబ్‌వే ఉంది. ఏ స్టేషనుకి ఎటు పక్కన అన్నది చెప్పకపోవడమే మంచిది. ఆ చుట్టుపక్కల ఇళ్లు అద్దెకిచ్చుకుని బతికేవాళ్లున్నారు, వాళ్ల ఉసురు మనకెందుకు.

దానికి మంచి పేరు లేదు. ఏదో ఒక ఏడు పెద్ద వానలు పడి సబ్‌వే నిండినప్పుడు, నెత్తిన చేపల బుట్టతో దాటబోయిన ఒక ఆడమనిషి నడుమ మునిగిపోయిందట. ఆమె పేరేమిటో ఎవరికీ తెలియదు. చూసినవాళ్లెవరూ లేరు. కానీ అప్పటినుంచి లోడుతో దిగిన బండి మళ్లీ ఎక్కదు.

దిగేటప్పుడు బాగానే దిగుతుంది. సరిగ్గా అడుక్కి చేరేసరికి... ఒక మూలుగు. నోటికి చెయ్యి అడ్డం పెడితే మనిషి లోలోపల మూలిగినట్టు — మ్మ్మ్... వెంటనే చేపల కంపు. ఇంజను నల్లటి పొగ కక్కుతుంది, గింజుకుంటుంది, ఆగిపోతుంది. ఆమె వెనకాల ఎక్కి కూర్చుందన్నమాట.

అందుకని డ్రైవర్లు సబ్‌వే మొగదల బండి ఆపి, టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవాళ్లు. అమావాస్యకి కుంకం పూసిన బూడిదగుమ్మడికాయ పగలగొట్టేవాళ్లు. అవన్నీ ఎవరు ఎత్తుతారు? ఎవరూ ఎత్తరు. కాబట్టి అక్కడి నేల ఒకసారి చూస్తే ఆ పూట అన్నం సయించదు. బూజుపట్టి నల్లబడిన నిమ్మడిప్పలు, ఎర్రటి గుమ్మడి గుజ్జులో లుకలుకలాడే పురుగులు, గోడ చీలికలోంచి కారే మురుగు, దాని మీద సాయంత్రం పూట చేపల లారీలు ఒలకబోసి పోయిన నీళ్లు.

“దెయ్యానికి ముక్కంటూ ఉంటే ఈడ ఎందుకుంటుంది పా?” అనేవాడు కోదండరాం.

కోదండరాం డీజిలు బండ్ల మెకానిక్కు. అరవై దాటాయి. తాతల నాడు సౌకార్‌పేటలో ఇనప పెట్టెల దుకాణం ఉండేది, అది పోయి చాలాకాలమైంది, ఆ కథ ఇక్కడ అనవసరం. ఆయన సంగతి ఒక్కటి చెప్పాలి. గ్రీజులో బతికే మనిషికి అంత అసహ్యం పనికిరాదు. పని కాగానే ముందు కిరసనాయిలుతో, తర్వాత బట్టల సబ్బుతో, చివర గంధపు సబ్బుతో చేతులు కడుక్కుంటేగాని టీ గ్లాసు ముట్టడు. గ్లాసు అంచు మీద ఈగ వాలితే ఆ టీ మురిక్కాలవకే. అక్క సీతాలక్ష్మి ఏడిపించేది కూడా — “ఒరేయ్ కోదండా, నువ్వు మెకానిక్కు కాకుండా పురోహితుడివైతే నీ మడికి సరిపోయేది!”

ఆ సబ్‌వే కథ వింటే ఆయనకి రెండు రకాల అసహ్యం పుట్టేది. ఒకటి నిమ్మకాయల మీద. ఇంకొకటి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

బస్సులు ఆ సబ్‌వేలో దిగుతాయి, ఎక్కుతాయి. కొత్త బండ్లకి ఏమీ కాదు. ఆ దెయ్యం పట్టేది మూడే మూడు పాత పికప్ బండ్లని. మూడూ అక్కయ్య వాళ్ల వీధిలో నిలబడేవే. మూడింటికీ ఎగ్జాస్ట్ బ్రేకు బిగించింది కోదండరామే.

ఎగ్జాస్ట్ బ్రేకు అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పొగ గొట్టంలో పూరీ అంత ఇనప బిళ్ల ఒకటి, దాని నడుమ నుంచి అడ్డంగా ఒక కడ్డీ. మీట నొక్కితే కడ్డీ తిరుగుతుంది, బిళ్ల గొట్టానికి అడ్డం పడుతుంది. పొగ బయటికి పోలేక ఇంజను తనను తానే బిగబట్టుకుంటుంది, బండి నెమ్మదిస్తుంది. మీట వదిలితే బిళ్ల తెరుచుకోవాలి. “ఇంజను ముక్కు మూసి వదలడం అంతే పా” అని డ్రైవర్లకి చెప్పేవాడు. పాత బండ్లకి లోడెక్కువైతే కాలి బ్రేకు ఒక్కటీ చాలదని, పుదుప్పేట పాత సామాన్ల అంగళ్లలో వెతికి తెచ్చి, చేతి గడియారం బిగించినంత జాగ్రత్తగా బిగించాడు.

ఆ చుట్టుపక్కల మీట నొక్కాల్సినంత దిగుడు ఆ సబ్‌వే ఒక్కటే. మూసిన ముక్కు మూసినట్టే ఉండిపోతే ఇంజను మూలుగుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియదా? తెలుసు. అయితే దెయ్యం ఉండబట్టి ఎవరూ ఆయన పనిని తప్పుపట్టలేదు. బండి కిందికి దూరి చూడమని ఎవరూ అడగలేదు. ఆయనా చూడలేదు. దెయ్యం చాటున తన పేరు నిలబడి ఉందన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి చెయ్యి కడుక్కోవాలనిపించేది.

అది కత్తిరి ఎండల కాలం. మద్రాసులో ఆ మూడు వారాలూ గోడలు రాత్రిపూట కూడా సెగ కక్కుతాయి. ఒక మంగళవారం సాయంత్రం ఆయన పుదుప్పేటలో ఉండగా బావ కామేశం ఫోను చేశాడు.

“కోదండం... మీ అక్క పోయింది పా. నాలుగింటికి. కాఫీ కలుపుతా ఉండి అట్లనే కూలబడింది.”

సీతాలక్ష్మికి ఒక్కతే కూతురు, ఆశ. విజయవాడలో ఉద్యోగం. దొరికిన రైలెక్కింది, తెల్లారి ఆరింటికి గాని చేరదు. అమ్మ ముఖం చూడాలి, నేనొచ్చేదాకా ఉంచండి మామా — అని ఫోనులో ఒకటే ఏడుపు.

ఉంచడం ఎట్లా? ఆ ఎండలకి ఊళ్లో పోయినవాళ్లు చాలామంది. శవాన్ని చల్లగా ఉంచే ఫ్రీజర్ పెట్టె ఒక్కచోటా ఖాళీ లేదు. పైగా ఆ వీధిలో కరెంటు పోయింది. ఎనిమిదికి బావ మళ్లీ చేశాడు. గొంతు తగ్గించి, పక్కన ఎవరో వింటున్నట్టు —

“ఐసు గడ్డలు పెట్టినాము. కరిగి నేలంతా నీళ్లు... ఈగలు మొదలైనాయి కోదండం. పక్కింటి భువనేశ్వరి విసరతా కూచోనుంది. బిడ్డ వచ్చేలోపల ముఖం...”

ఆ మాట బావ పూర్తి చెయ్యలేదు. కోదండరాం ఖాళీ చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు. అక్కయ్య మీద ఈగలా! ఛీ... ఛీ...

కోదండరాం పెట్టె కోసం తిరగ్గా తిరగ్గా, చివరికి తొమ్మిదిన్నరకి సుబ్బన్ దొరికాడు. సుబ్బన్ బతుకుతెరువే ఫ్రీజర్ పెట్టెలు మోయడం. ఉండేది అక్కయ్య వీధే. పొద్దున్నించీ ఊరంతా తిరుగుతూ, వేరే ఇంట్లో అప్పుడే ఖాళీ అయిన పెట్టెను, దానికి తగిన జనరేటర్ని పికప్‌లోకి ఎక్కించి, దారిలో వర్క్‌షాపు దగ్గర కోదండరాంని ఎక్కించుకున్నాడు. అక్క తల దగ్గర దీపానికని కొన్న నువ్వులనూనె సీసా కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడాయన.

రైలు గేటు దారి పైపుల కోసం తవ్వేశారు. హార్బరు రోడ్డు నిండా కంటైనర్ లారీలు, గంటకి తక్కువ కాదు. ఇక మిగిలింది సబ్‌వే.

“మేస్త్రీ, వద్దు” అన్నాడు సుబ్బన్. “ఖాళీ పెట్టె వెనకాల పెట్టుకోని ఆడికి పోతే... ఆయమ్మకి పరుపు తీసకపోయినట్టు.”

“నోర్మూసుకోని పోనీ.”

“నిమ్మకాయైనా పెట్టి...”

“సుబ్బా! మా అక్క మింద ఈగలు వాలతా ఉండాయి రా!”

సుబ్బన్ బండి సబ్‌వే వైపు తిప్పాడు.

బండి మెల్లగా దిగింది. లోడు తోస్తోంది. సుబ్బన్ అలవాటుగా ఎగ్జాస్ట్ బ్రేకు మీట నొక్కాడు. అడుక్కి వచ్చింది. మీట వదిలాడు...

మ్మ్మ్మ్...

పాదాల కిందనుంచి వచ్చింది ఆ మూలుగు. ముక్కుపుటాలు బిగబట్టి, ఊపిరి లోపలే తిరుగుతున్నట్టు. బండి వణికింది. వెనక నల్లటి పొగ. చేపల కంపు గుప్పుమంది. ఒక్క కుదుపు... ఆగిపోయింది.

పైన ఏదో గూడ్సు రైలు పోయింది. పోయాక — నిశ్శబ్దం.

“ఎక్కేసింది” అన్నాడు సుబ్బన్, పెదవులు కదలకుండా.

“నువ్వు దిగొద్దులే. ఈడనే కూచో.”

కోదండరాం సామాను సంచి, ఫోను తీసుకుని దిగాడు. చెప్పు కింద ఏదో పిచుక్కుమని చితికింది. ఏమిటో చూడలేదు. చూస్తే ఆ పని ఇక చెయ్యలేడు. బండిలోని గోనెపట్టా పరిచి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, వెల్లకిలా కిందికి జరిగాడు. గోనెలోంచి తడి వీపుకి ఎక్కింది. వెచ్చటి తడి. చెవి పక్కనే గుమ్మడి గుజ్జు. అందులో ఏదో మెదులుతోంది. గొంతులోకి వచ్చినదాన్ని వెనక్కి మింగి, ఫోను దీపం పొగ గొట్టం మీదికి తిప్పాడు.

దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. బిళ్ల మూసుకునే ఉంది.

బిళ్లని లాగే సన్న కడ్డీని ముందు విడదీశాడు. అది చేతిలో చక్కగా ఆడింది. అంటే లాగే యంత్రం బాగానే ఉంది. పట్టేసింది బిళ్ల నడుమ కడ్డీయే. స్పానర్ తగిలించి తిప్పబోయాడు. కదల్లేదు. గొట్టంతో కలిసి పోతపోసినట్టుంది.

దీపం ఇంకా దగ్గరగా పెట్టాడు. మసి నల్లగా ఉంటుంది, తుప్పు ఎర్రగా ఉంటుంది. కానీ కడ్డీ రెండు కొసల్లోనూ తెల్లగా... పొక్కులు పొక్కులుగా, పుండు మీద పక్కు కట్టినట్టు. ఇదేమిటి? ఇన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

డీజిలు పోస్తే వదులవుతుంది. కానీ గొట్టం ఇంకా సెగలు కక్కుతోంది, భగ్గుమంటే అక్క వెంట తానూ పోవాలి. దీపం నూనె గుర్తొచ్చింది, అది అంత తేలిగ్గా అంటుకోదు. సుబ్బన్‌ని అడిగి, బయటికి జరిగి కిటికీలోంచి సీసా అందుకుని, మళ్లీ కిందికి దూరి, కొసల మీద చుక్కలు చుక్కలుగా పోశాడు. సన్నగా పొగ లేచింది. ఆ కంపులో, ఆ రోతలో... ఒక్క క్షణం అక్కయ్య వంటింటి వాసన. వడియాలు వేగే వేళ.

సుత్తితో మెల్లగా తట్టాడు. గట్టిగా కొడితే పోత ఇనుము పగులుతుంది. కాసేపు ఆగడం, తట్టడం, తిప్పి చూడడం. ఊహూ. పావుగంట. ఇరవై నిమిషాలు. జేబులో ఫోను మోగింది, బావ. తియ్యలేదు. తీసి ఏం చెప్పాలి? చెంప మీద ఏదో పాకింది, విదిలించడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు వినిపించింది.

తప్... తప్...

తడి నేల మీద ఎవరో వస్తున్నారు. నడక కాదు. నడకైతే ఒక అడుగు, ఇంకొక అడుగు. ఇది రెండూ కలిపి ఒకే చప్పుడు. ఆగి... మళ్లీ ఒకే చప్పుడు.

తప్...

వెనక చక్రం పక్కన ఆగింది. తల తిప్పి చూశాడు. చీర అంచు. దాని కింద రెండు పాదాలు. పసుపు రాసిన పాదాలు. ఒకదానికొకటి ఆనుకుని, నడుమ వెంట్రుక పట్టే సందు కూడా లేకుండా.

“ఎవరది?” అన్నాడు. గొంతు తువ్వాలులోనే ఉండిపోయింది.

జవాబుగా నీళ్ల చప్పుడు. ఎవరో చెంబు దిమ్మరించినట్టు, పక్కనుంచి ఒక్క ఊపున వచ్చి గొట్టం మీద పడ్డాయి. చుయ్‌మని ఆవిరి! ముఖం మీద చిట్లాయి, పెదవుల మీద పడ్డాయి. థూ! ఉప్పగా ఉన్నాయి.

“ఒరే సుబ్బా! కాలిన ఇనుము మింద నీళ్లు పోస్తావేమిరా? పగిలిపోతే?”

“నేను బండి దిగలేదే మేస్త్రీ...” సుబ్బన్ గొంతు పైనుంచి, డ్రైవర్ సీట్లోనుంచి వచ్చింది. “ఎవరితో మాట్లాడతా ఉండావు?”

కోదండరాం మళ్లీ తల తిప్పాడు. చక్రం పక్కన ఎవరూ లేరు.

ఆలోచించడానికి సమయం లేదు, ధైర్యమూ లేదు. చేతులే పని చేశాయి. సుత్తితో ఒక్కసారి తట్టి స్పానర్ తిప్పాడు. టక్! తెల్లటి పక్కు ఊడి ఛాతీ మీద పడింది. కడ్డీ గిర్రున తిరిగింది. మళ్లీ మూసుకోకుండా బిళ్లని తెరిచిన చోటే కట్టు తీగతో బిగించి, పాక్కుంటూ బయటపడ్డాడు.

“స్టార్ట్ చెయ్.”

ఇంజను హాయిగా ఊపిరి తీసుకుంది. బండి మూలుగు లేకుండా, గింజుకోకుండా, పెట్టెతో సహా ఎక్కేసింది.

పైన గాలి తగిలింది. గుప్పిట్లో ఉన్న తెల్లటి పెచ్చు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. వాసనేమీ లేదు. సందేహిస్తూ నాలిక కొసకి తాకించాడు.

“ఉప్పు! సుబ్బా, ఈ బండి కింద ఉప్పు ఎవరు పోసినారు?”

సుబ్బన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“చెప్పరా. నిన్నేమీ అననులే.”

“అక్క” అన్నాడు సుబ్బన్.

“ఏ అక్క?”

“సీతాలక్ష్మక్క, వేరే ఎవరు? నాలుగేండ్లుగా ప్రతి మంగళవారం. బండి వచ్చి నిలబడంగానే కల్లుప్పు బండి చుట్టూ తిప్పి, చెంబు నీళ్లలో కరిగించి, కిందికి దిమ్మరిస్తుంది. ‘మా తమ్ముడు చేసిన పని రా ఇది, ఊరి కండ్లన్నీ దీని మిందే, దిష్టి తగలకూడదు’ అంటుంది. మా మూడు బండ్లకీ పోస్తుంది. నీకు చెప్పొద్దనింది. నీకు ఇట్లాటివి అసింకం, రోత కదా, తిడతావని.”

కోదండరాంకి అంతా తేలిపోయింది. కాలిన గొట్టం మీద వారం వారం ఉప్పునీళ్లు. ఏ కడ్డీ అయినా పట్టేస్తుంది. బండి ఆగితే దిష్టి తగిలిందని ఇంకాస్త ఉప్పు. చేపల కంపు లారీలది, మూలుగు ఇంజనుది, మునిగిపోయిన ఆడమనిషి ఎవరి కల్పనో. నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీలోంచి ఉమ్మేశాడు. ఇన్నాళ్లూ బండి కిందికి ఒక్కసారి దూరి ఉంటే అక్కనే అడిగి ఉండేవాడు, అక్కనే తిట్టి ఉండేవాడు.

“మరి ఈ పొద్దు పోసిన నీళ్లు?” అన్నాడు. “సబ్‌వేలో?”

“అమ్మతోడు, నేను దిగలేదు మేస్త్రీ.”

అబద్ధం, అనుకున్నాడు. భయానికి వాడే పోసి ఉంటాడు. అట్లా అనుకుంటే హాయిగా ఉంది.

ఇల్లు చేరేసరికి పదకొండున్నర. వాకిట్లో లాంతరు. పక్కింటి భువనేశ్వరి విసనకర్ర పట్టుకుని ఇంకా తల దగ్గరే కూర్చుని ఉంది. ఐసు మొత్తం నీళ్లయింది. ముఖం మాత్రం చెడలేదు.

జనరేటర్ మోగింది. పెట్టె చల్లబడింది. అక్కని అందులోకి ఎత్తడానికి తలవైపు సుబ్బన్, నడుము దగ్గర వీధివాళ్లు ఇద్దరు, కాళ్లవైపు కోదండరాం పట్టుకున్నారు.

అక్క పాదాలకి పసుపు. బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డపేలికతో కట్టేసి ఉన్నాయి... ఒకదానికొకటి ఆనుకుని, నడుమ వెంట్రుక పట్టే సందు కూడా లేకుండా.



“నాలుగున్నరకే కట్టినానన్నా” అంది భువనేశ్వరి, ఎవరూ అడక్కుండానే. “నేనే కాళ్లు కడిగి, పసుపు రాసి, కట్టినాను. అప్పుట్నుంచీ ఇంగెవరూ తాకలేదు.”

కోదండరాం పాదాల కింద చెయ్యి పెట్టాడు. జిగట తగిలింది. వంగి చూశాడు.

అరికాళ్లు రెండూ నల్లగా ఉన్నాయి. మురుగు. మడమ దగ్గర ఎర్రటి గుమ్మడి గుజ్జు. వేళ్ల సందున చితికిన నిమ్మడిప్ప ఒకటి, బూజుతో సహా, గింజతో సహా.

“ఏమైందన్నా?” అంది భువనేశ్వరి.

“ఏమీ లేదమ్మా... ఐసు నీళ్ల తడి.”

ఆయన మెడలోని తువ్వాలు తీశాడు. వేళ్ల సందులు, మడమలు, గోళ్ల చుట్టూ, ఎవరి కంటా పడకుండా, మెల్లగా, అంతా తుడిచాడు. ఒక్కసారి కూడా ముఖం తిప్పుకోలేదు. తర్వాత పెట్టె మూత వేశారు.

తెల్లారి ఆరున్నరకి ఆశ వచ్చింది. పెట్టె మూత అద్దానికి చెంప ఆనించి చాలాసేపు చూసింది. “పడుకున్నట్టే ఉంది మామా” అంది.

వచ్చినవాళ్లకి ఎవరో కాఫీ ఇచ్చారు. కోదండరాంకీ ఒక గ్లాసు ఇచ్చారు. అంచు మీద ఈగ వాలింది. ఆయన దాన్ని తోలి, తాగాడు.

ఆ చేతుల్తోనే. అప్పటిదాకా ఆయన చేతులు కడుక్కోలేదు.